జారుడు పరుపు

డెస్లీ భయమంతా ఆ కాలు మీదే. మొగుడి ఎడమకాలు, మోకాలి వెనక గుంట. పోయిన చలికాలం అక్కడే నెత్తురు గడ్డ కట్టింది. ఆసుపత్రివాళ్ళు మందులిచ్చి కరిగించి ఇంటికి పంపించారు గానీ, పంపించేటప్పుడు డాక్టరమ్మ అన్న మాట మాత్రం డెస్లీ మనసులో కరగలేదు.

"గడ్డ మళ్ళీ కట్టొచ్చు. అది కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిందంటే ఇక మా చేతుల్లో ఉండదు. గట్టి అంచు మీద కాలు నొక్కుకుపోయేలా కూర్చోనివ్వకండి. మధ్యమధ్యలో లేపి నడిపిస్తూ ఉండండి."

ఈ మాట విన్నాక ఏ ఇల్లాలైనా మొగుణ్ణి ఇంట్లో మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి కాపలా కాస్తుంది. కెల్విన్ లాంటి మొగుడు దొరికినవాళ్ళకు ఆ భాగ్యం కూడా ఉండదు. వాన నీళ్ళు వరదలై వచ్చి, ఎడారిలో ఎండి పడుండే ఐర్ సరస్సు నిండిందని రేడియోలో విన్నాడు, అంతే. అది ఏటా నిండే చెరువు కాదు. మనిషి బతుకులో రెండు మూడుసార్లు నిండితే గొప్ప. చిన్నప్పుడు ఒకసారి తండ్రి భుజాల మీద కూర్చుని చూశాడట. ఉప్పు బీడు నడుమ సముద్రమంత నీళ్ళు, ఎవరు కబురు పెట్టారో గానీ వేలకొద్దీ గూడబాతులు. ఆ కథ పెళ్ళయినప్పటినుంచి డెస్లీ వింటూనే ఉంది.

"చూసొద్దాం డెస్. కారవాన్ పెరట్లో పడుంది. ఇంకొన్నాళ్ళుంటే ఎలకలు గృహప్రవేశం చేస్తాయి."

"చెయ్యనీ. మరి నీ కాలో?"

"అదీ వస్తుందిలే. దాన్నొక్కదాన్నీ ఇంట్లో ఎలా వదిలేస్తాం?"

ఆమె ఆ రోజంతా అంట్లు చప్పుడయ్యేలా తోమింది. కానీ తను వద్దన్నందుకు ఆ మనిషి కిటికీ పక్కన కూర్చుని రేడియో వింటూ ముసలివాడైపోతుంటే చూడటం ఇంకా కష్టమనిపించింది. చివరికి ఒక షరతు పెట్టింది. కారు వెనక తగిలించి లాగే ఆ చక్రాల ఇంట్లో, అదే కారవాన్‌లో, బల్ల సంగతి తను తేల్చేదాకా ఇల్లు కదిలేది లేదు.

ఆ బల్ల సంగతి చెప్పాలి. ఇల్లు ఇరకాటం, ఆలు మర్కటం అన్న సామెత కారవాన్ కాపురాలు చూసి పుట్టిందేమో అనిపిస్తుంది. తలుపు తీయగానే గ్యాస్ పొయ్యి, దాని ఎదురుగా గోడ పొడుగునా ప్లైవుడ్ బల్ల, ముందు భోజనాల టేబులు. తిండి, టీ, పేకాట, పడక అన్నీ ఆ బల్ల మీదే. ఎండొచ్చినా వానొచ్చినా అక్కడే కూర్చోవాలి. ఆ బల్ల చేసినవాడు మాత్రం దాని మీద ఒక్కపూటైనా కూర్చుని ఉండడు. వీపు పలక నిట్టనిలువుగా ఉంటుంది. రెండు ముక్కల స్పాంజి పరుపు ఇరవై ఏళ్ళకు బిస్కెట్టులా అణిగిపోయింది. ముక్కల మధ్య సందులో తొడ చిక్కుకుంటుంది, ముందు అంచు సరిగ్గా మోకాలి వెనక కోసుకుంటుంది. డాక్టరమ్మ ఏ చోట వద్దందో సరిగ్గా అక్కడే.

డెస్లీ పోర్ట్ అగస్టా బజారుకు వెళ్ళి రెండు రకాల స్పాంజి తెచ్చింది. కిందికి గట్టిది, పైకి మెత్తది. క్రిస్మస్ పండక్కి మాంసం కోసే కరెంటు కత్తితో వాటిని కోసింది. స్పాంజి కోయడానికి అంతకు మించిన పనిముట్టు లేదని కారవాన్లలో తిరిగే ఆడవాళ్ళందరికీ తెలుసు. బల్ల పొడుగునా సందు లేకుండా ఒకే ముక్కగా కోసి, ఒకదాని మీద ఒకటి జిగురుతో అతికించింది. ముందు అంచును ఏటవాలుగా చెక్కి గుండ్రం చేసింది. కాలు ఎక్కడా ఒరుసుకోకూడదు, కిందికి జారినట్టు వాలాలి. వెనక చెక్క చీలికలు పెట్టి వీపు పలకను కాస్త వాల్చింది. పైన పాత ఉన్ని దుప్పటి కుట్టింది. ఆ దుప్పటి కిందివైపుకు చాలలేదు. చెమ్మ ఎక్కకుండా కూడా ఉంటుందని కిందివైపు పాత గుడారం బట్ట వేసి కుట్టింది. నైలాన్ బట్ట, నున్నగా ఉంటుంది.

కెల్విన్ కూర్చుని చూశాడు. కాళ్ళు చాపాడు, వెనక్కి వాలాడు, కళ్ళు మూశాడు.

"ఎలా ఉంది?" అంది డెస్లీ, ఊపిరి బిగబట్టి.

"నన్ను ఇక్కడే పాతిపెట్టెయ్."

"ఛీ, పాడు నోరు!" అని చేతిలో ఉన్న స్పాంజి ముక్క అతని మొహాన విసిరింది. మిగిలిన ముక్కలన్నీ ఒక సంచిలో వేసి బల్ల కింద పెట్టెలో దాచింది. ఏదో ఒకదానికి పనికొస్తాయని.

బయల్దేరారు. తారురోడ్డు ఉన్నంతసేపూ బాగానే ఉంది. మట్టిరోడ్డు మొదలయ్యే చోట అందరూ ఆగినట్టే వాళ్ళూ ఆగారు. ఆ ఎర్రదుమ్ము సంగతి తెలియంది ఎవరికి? సూది దూరే సందు ఉంటే చాలు, లోపలున్న చక్కెర కూడా ఎర్రబడుతుంది. అందుకే మట్టిరోడ్డు ఎక్కేముందు కారవాన్‌కు గాలి వచ్చే జాలీలన్నిటికీ బయటినుంచి టేపు అంటిస్తారు. తలుపు కింది జాలీకి, గోడ జాలీకి, పొయ్యి వెనక జాలీకి. దిగిన చోట మొదట టేపు పీకాలి, తర్వాతే టీ కెటిల్ పెట్టాలి. ఈ రెండోది ఎవరూ ఎవరికీ నేర్పరు. పళ్ళు తోముకోవడం లాంటిది.

రోడ్డు గతుకులకు కొత్త పరుపు బాగానే తట్టుకుంది గానీ, దానిలో ఒక లోపం బయటపడింది. నైలాన్ బట్ట ప్లైవుడ్ మీద నిలవదు. ఆగిన చోట కెల్విన్ టీ కప్పు అందుకోవడానికి ముందుకు వంగితే చాలు, పరుపూ ముందుకు వచ్చేది.

"బ్రేకుల్లేని సీటు కుట్టావే," అనేవాడు.

రెండో మజిలీలో పాత రైలు స్టేషను మొండిగోడల పక్కన ఆగారు. అక్కడ అప్పటికే ఒక చిన్న కారవాన్ ఉంది. థోరా అని, గొర్రెల బొచ్చు కత్తిరించే ముఠాలకు ముప్పై ఏళ్ళు వంట చేసి, ఇప్పుడు ఒంటరిగా తిరుగుతున్న ముసలమ్మ. గొంతు మైలు దూరం వినిపిస్తుంది. టీకి వచ్చి కొత్త పరుపు మీద కూర్చుంది, కూర్చుంటూనే జారి టేబులు పట్టుకుంది.

"అమ్మాయ్, ఇదేం పరుపే, జారుడుబల్లా?" అని తన బండిలోంచి రబ్బరు జాలీ చుట్ట ఒకటి తెచ్చిచ్చింది. "కింద ఇది పరిచి దాని మీద వెయ్యి. ఊడబెరికినా కదలదు. లేకపోతే ఏదో ఒక రోజు నీ మొగుడు టీ కప్పుతో సహా గుమ్మంలోకొచ్చి పడతాడు."

"రేపు వేస్తాను," అంది డెస్లీ. ఆమె మనసు జారడం మీద లేదు. బల్ల కింద పెట్టెలో ఒక మూల నేలకు చిల్లు ఉంది, అరచేయంత, పైన ఇనుప వల. దానిలోంచి చల్లగాలి వచ్చి కెల్విన్ కాలికి తగులుతోంది. అదే కాలికి. చలికి నరాలు బిగుసుకుంటే నెత్తురు నిలిచిపోతుందేమో, నిలిస్తే గడ్డ కడుతుందేమో. ఆలోచన అటు వెళ్ళిందంటే ఇక ఆమెకు అన్నం సయించదు. మిగిలిన స్పాంజి ముక్కలు తీసి ఆ చిల్లులో కుక్కడం మొదలుపెట్టింది.

"అదేదో పనుండే పెట్టి ఉంటారు కదే," అన్నాడు కెల్విన్ పైనుంచి.

"ఉంది. నీ కాలికి చలి పెట్టడమే దాని పని," అంది డెస్లీ, ఇంకో ముక్క బొటనవేలితో లోపలికి నొక్కుతూ.

మర్నాడు తెల్లారి మళ్ళీ మట్టిరోడ్డు ఎక్కాలని జాలీలకు టేపు వేసి, కారవాన్‌ను కారుకు తగిలించుకుని బయల్దేరారు. కొంతదూరం పోగానే ఆకాశం నల్లబడింది, చినుకులు మొదలయ్యాయి. ఆ నేల మీద వాన పడిందంటే రోడ్డు జిగట బురద అవుతుంది. రోడ్డు మూసేశారని రేడియోలో చెప్పారు. వెనక్కి తిరిగి, పడుతూ లేస్తూ మళ్ళీ ఆ మొండిగోడల దగ్గరికే చేరారు. అప్పటికి వాన దంచి కొడుతోంది. బండి ఆపీ ఆపగానే ఇద్దరూ తలలు దాచుకుంటూ లోపలికి పరిగెత్తారు. పైకప్పు కిటికీ మూశారు, పక్క కిటికీలు బిగించారు. డెస్లీ గొర్రె ఎముకలు, బార్లీ, కారెట్ వేసి పెద్ద గిన్నెలో సూపు పొయ్యి మీద పెట్టింది. అది చాలాసేపు సన్నమంట మీద ఉడకాలి.

టేపు సంగతి ఇద్దరిలో ఒక్కరికీ గుర్తు రాలేదు. టేపు పీకే అలవాటు టీ కెటిల్‌తో ముడిపడింది. ఆ రోజు టీ పెట్టుకోలేదు, సూపు పెట్టుకున్నారు.

మధ్యాహ్నమైంది. లోపల వెచ్చగా, కమ్మగా ఉంది. కిటికీ అద్దాల మీద నీళ్ళు కారుతున్నాయి. కెల్విన్ బల్ల మీద కాళ్ళు చాపుకుని, వాల్చిన పలకకు చేరగిలబడి నిద్రపోయాడు. డెస్లీ రబ్బరు జాలీ చేతిలో పట్టుకుని నిలబడింది. పరుపు కింద వేయాలంటే అతన్ని లేపాలి. నడిపించే వేళ కూడా అయింది, ఎలాగూ లేపాల్సిందే. కానీ ఆ మనిషి అలా నిద్రపోయి ఎన్నాళ్ళైంది? ఆసుపత్రి నుంచి వచ్చాక కంటినిండా నిద్ర లేదు. ఇప్పుడు బుగ్గలు ఎర్రగా, పసిపిల్లాడి బుగ్గల్లా ఉన్నాయి. ఈ పరుపు ఒంటికి పట్టింది అనుకుంది. ఈ ఒక్కసారికి పడుకోనీ అని రబ్బరు చుట్టను సొరుగులో పెట్టేసింది.

అయినా భయం ఊరుకోనిస్తుందా? వంగి ప్యాంటు అంచు పైకి లాగి పిక్క నొక్కి చూసింది. మెత్తగానే ఉంది. వాపు లేదు. పాదం వెచ్చగా ఉంది. కుడికాలితో పోల్చి చూసింది. రెండూ ఒకేలా ఉన్నాయి. దేవుడా, చాలు అనుకుంది.

ఆమెకే తలనొప్పిగా ఉంది. కణతల దగ్గర ఎవరో వేళ్ళతో నొక్కుతున్నట్టు. స్పాంజికి రాసిన జిగురు వాసన అయ్యుంటుంది, లేదా పొద్దున బురదలో పడ్డ ఆదుర్దా. కూర్చుంది. కూర్చున్నాక లేవబుద్ధి కాలేదు. చూపు పొయ్యి మీద నిలిచింది. నీలంగా ఉండాల్సిన మంట పసుపుగా, బద్ధకంగా ఊగుతోంది. గిన్నె అడుగు మసి పట్టింది.

సిలిండర్ అయిపోవచ్చిందనుకుంది. మార్చేది ఎప్పుడూ కెల్విన్. లేపబుద్ధి కాక తనే లేచింది. కాళ్ళు దూదిలా ఉన్నాయి. టేబులు పట్టుకుని, తలుపు తీసి, లోపలికి చలి రాకుండా వెంటనే మూసి, వానలోకి దిగింది.

చల్లటి గాలి మొహానికి కొట్టింది. బండి ముందుకు నడిచి సిలిండర్ ఎత్తి చూసింది. బరువుగా ఉంది, నిండుగా. మరి మంట ఎందుకలా ఉంది? నాలుగు గుక్కల గాలి లోపలికి పోయేసరికి కణతల మీద పట్టు కాస్త సడలింది. జిగురు వాసనైతే ఇంత త్వరగా ఎందుకు తగ్గుతుంది అనుకుంటూ వెనక్కి తిరిగింది. తలుపు కింద, వాన నీటికి ఎర్రమట్టి కారుతూ, పొద్దున తను బొటనవేలితో అదిమి అంటించిన టేపు కనబడింది.

మిగిలినవన్నీ డెస్లీకి ఒక్కసారిగా గుర్తొచ్చాయి. గోడ జాలీకి టేపు. పొయ్యి వెనక జాలీకి టేపు. పైకప్పు మూసి ఉంది. మిగిలిన ఒక్క చిల్లులో స్పాంజి, ముక్క మీద ముక్క, తన చేతులతోనే. పొయ్యి పొద్దుటినుంచి మండుతోంది, గాలి ఆడక విషవాయువు కక్కుతోంది. అది నిద్ర కాదు. ఆ బుగ్గల ఎరుపు ఆరోగ్యం కాదు. ఇన్నాళ్ళూ ఆమె కాలిని కాపలా కాసింది, చావును మాత్రం తనే లోపల పెట్టి తలుపు మూసింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఆ సామెత ఆ క్షణాన గుర్తొస్తే ఆమెకు పిచ్చెక్కి ఉండేది.

"కెల్!"

తలుపు బార్లా తెరిచింది. ఊపిరి బిగబట్టి లోపలికి దూకి పొయ్యి ఆపింది. భుజాలు పట్టి కుదిపింది. తల అటు పడింది, ఇటు పడింది. కళ్ళు తెరవలేదు.

"కెల్! లే! లేవయ్యా, నీ కాళ్ళు పట్టుకుంటాను, లే!"

చంకల కింద చేతులు వేసి లాగింది. గోధుమ గిడ్డంగిలో బస్తాలు మోసిన ఒళ్ళు అది. ఆమె మెత్తగా పేర్చిన స్పాంజిలో లోతుగా కూరుకుపోయి ఉంది. అంగుళం కదల్లేదు. ఊపిరి బిగబట్టలేక పీల్చింది, మళ్ళీ తల తిరిగింది. ఇక్కడే తనూ పడిపోతే ఇద్దరూ ఈ బల్ల దగ్గరే ఉండిపోతారు. వాన వెలిసాక ఎవరో వచ్చి చూస్తారు.

మోకాళ్ళ మీద కూలబడుతూ పట్టు కోసం పరుపు అంచు అందుకుంది. పరుపు ముందుకు జారింది. కెల్విన్‌తో సహా.

డెస్లీ ఒక్క క్షణం దాన్నే చూసింది. తర్వాత టేబులును పక్కకు తన్ని, పొయ్యి కింది అల్మారాకు రెండు పాదాలూ తన్నిపెట్టి, ఉన్ని దుప్పటి అంచును రెండు పిడికిళ్ళతో పట్టి లాగింది. నైలాన్ బట్ట ప్లైవుడ్ మీద సర్రున జారింది. పరుపూ, మొగుడూ, దిండూ కలిసి ఆమె కాళ్ళ మీదికే వచ్చి పడ్డాయి. నేల మీద కూడా అంతే నున్నగా జారింది. గుమ్మం దాకా వెనక్కి దేకుతూ లాగి, తల బయట పెట్టి అరిచింది.

"థోరా! థోరా!"

ముసలమ్మ బురదలో చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది. ఏమైందని అడగలేదు. తెరిచిన తలుపు, మసి గిన్నె, టేపు చూసింది. "పట్టు!" అంది. ఇద్దరూ కలిసి లాగితే పరుపు మెట్ల మీదుగా జారి, కెల్విన్‌ను మోసుకుంటూ ఎర్రబురదలోకి దిగింది.

వాన అతని మొహం మీద పడుతోంది. థోరా అతన్ని పక్కకు తిప్పి, వీపు మీద చరుస్తూ గొణిగింది. "బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్న ఇద్దరు కుర్రాళ్ళను ఇలాగే తీశాం నేనూ మావాళ్ళూ. వాళ్ళు లేవలేదు. నువ్వు లేస్తావు. లేవరా దున్నపోతా, లే!"

డెస్లీ అతని నోటి దగ్గర చెవి పెట్టింది. వాన చప్పుడులో ఏమీ వినిపించలేదు. ఛాతీ మీద చెయ్యి వేసింది. కదిలింది అతనా, వణికేది తన చెయ్యా, తెలియలేదు. డాక్టరమ్మ చెప్పిన చావుకు ఆమె సిద్ధపడి ఉంది. ఈ చావుకు కాదు. ఇది తను కుట్టి, కోసి, నొక్కి చేసిన చావు.

కెల్విన్ దగ్గాడు. ఒళ్ళు మెలితిరిగేలా దగ్గి, బురదలో కక్కాడు. మళ్ళీ దగ్గాడు.

థోరా తన బండిలోని రేడియోలో విమానంలో వచ్చి వైద్యం చేసే డాక్టర్లను పిలిచింది. గాలిలోనే ఉంచండి, నిద్రపోనివ్వకండి అని వాళ్ళు పదేపదే చెప్పారు. వాన తెరిపిచ్చేదాకా ఆడవాళ్ళిద్దరూ ఒక గుడారం గుడ్డ పట్టుకుని అతని తల మీద గొడుగులా నిలబడ్డారు. కెల్విన్ ఆ తడి పరుపు మీదే కూర్చుని, వెలవెలబోయిన మొహంతో డెస్లీ వైపు చూశాడు.

"ఎందుకు లేపావే?" అన్నాడు, నాలుక మడత పడుతుంటే. "ఆసుపత్రి నుంచి వచ్చాక... ఇంత హాయిగా... ఎప్పుడూ నిద్ర పట్టలేదు."

అప్పటిదాకా ఏడవని డెస్లీ అప్పుడు ఏడ్చింది. అతను వెక్కిరిస్తున్నాడనుకుంటే బాగుండేది. అతను నిజమే చెప్తున్నాడు. హాయిగానే వెళ్ళిపోయేవాడు.

"చెప్పలేదా," అంది థోరా ముక్కు చీదుతూ, "నీ మొగుడు గుమ్మంలోకొచ్చి పడతాడని."

ఆ బురదలో విమానం దిగలేదు గనక హెలికాప్టరు వచ్చింది, తీసుకెళ్ళారు, ఆసుపత్రిలో ఆక్సిజను పెట్టారు, కాలు కూడా చూశారు. కాలికి ఏమీ కాలేదు. ఆ మాట విని డెస్లీకి సంతోషం కలగలేదు, ఆ కాలు మీద కోపం వచ్చింది. అంతకంటే కోపం తన చేతుల మీద వచ్చింది.

రోడ్డు తెరిచాక వాళ్ళు మళ్ళీ బయల్దేరారు. ఈసారి ఆమె వద్దనలేదు. వద్దంటే ఏ ప్రమాదం ఏ పక్కనుంచి వస్తుందో చెప్పగలదా? గోడకు విషవాయువు పసిగట్టి కూసే పెట్టె ఒకటి కొట్టించింది. థోరా దారిలో కలిస్తే రబ్బరు చుట్ట తిరిగిచ్చేసింది. "నాకొద్దు. అది జారాలి," అంది.

సరస్సు ఒడ్డున కారవాన్ నిలిపినప్పుడు నీళ్ళ అవతలి అంచు కంటికి ఆనలేదు. గూడబాతులు గుంపులుగా దిగుతున్నాయి. డెస్లీ ముందు టేపులన్నీ పీకింది, పీకినవి లెక్కపెట్టుకుంది, అప్పుడు టీ పెట్టింది. కెల్విన్ ఉతికినా ఎరుపు పోని ఆ పరుపు మీద కూర్చుని, కిటికీలోంచి చూస్తూ, వాళ్ళ నాన్న భుజాల కథ మళ్ళీ మొదలుపెట్టి, సగంలో ఆపేసి, కళ్ళు మూశాడు.

"కెల్!"

"ఏంటే?"

"ఏం లేదు."

కాసేపయ్యాక మళ్ళీ పిలిచింది. అతను ఒక కన్ను తెరిచాడు.

"ఇంత మంచి సీటు కుట్టిపెట్టి, దాని మీద నన్ను కునుకు తియ్యనివ్వవేం?"

"ఉన్నావో లేదో చూశాను."

"ఉన్నానే," అన్నాడు విసుగ్గా, కానీ చెయ్యి చాపి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

బల్ల కింద తెరిచిపెట్టిన చిల్లులోంచి సరస్సు గాలి వచ్చి ఆమె చీలమండలకు తగిలింది. చలేసింది. వేయనీ అనుకుని, కాళ్ళు తీయకుండా, అతని ఛాతీ లేచి పడటం చూస్తూ కూర్చుంది.